తర్వాత పంపు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురే. వంటింట్లో నానమ్మ, గదిలో తన కంప్యూటరు ముందు అమ్మ, స్నానాల గదిలో బాబాయి, వరండాలో హోంవర్కు పేరు చెప్పి బొమ్మలేసుకుంటున్న చిట్టి. సోఫా మీద నిద్రపోతున్న పిల్లిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ రోజు బాబాయి తీసుకున్నాడు.

"నా కంప్యూటరు ఎవరు ముట్టుకున్నారు?" తల కూడా తుడుచుకోకుండా బయటికొచ్చి అరిచాడు. చేతిలో ఫోను ఉంది. "నా పేరు మీద మా సింహానికి రాజీనామా పోయింది! కాపీ అందుకున్న పక్క సీటాయన శభాష్ అని మెసేజీ పెట్టేదాకా నాకే తెలీదు!"

సింహమంటే ఆఫీసులో బాబాయి మేనేజరు. అమ్మదీ అదే ఆఫీసు. అక్కడ అందరి మెయిళ్లూ నడిపించే పని ఆవిడది.

"రేపు నన్ను పెద్ద సీట్లో కూర్చోబెడతానన్నాడు. ఇప్పుడున్న సీటు కూడా ఊడుతుంది. అమ్మా, నువ్వేమైనా నొక్కావా?" అన్నాడు వంటింటి వైపు తిరిగి.

"నాకు టీవీ పెట్టడమే రాదురా. నీ ఉద్యోగం ఊడగొట్టడమొచ్చా?" అంది నానమ్మ గరిటె పట్టుకునే.

"చిట్టీ, నువ్వా?"

చిట్టి తల అడ్డంగా ఊపింది. అడగకముందే తప్పు చేసినదానిలా మొహం పెట్టడం ఆమెకు అలవాటు. అది చూసి బాబాయికి అనుమానం రెట్టింపైంది. కాసేపు ఆమెనే చూసి, చివరికి సోఫా వైపు తిరిగాడు.

"అయితే ఈ పిల్లే. కంప్యూటరు మీద నడిచుంటుంది."

"ఏం రాసిందో చదువు, విందాం," అంది నానమ్మ.

బాబాయి ఫోను చూసి చదివాడు. "'మీ కింద పనిచేసే కంటే గోడకు తల బాదుకోవడం నయం. నా నెత్తిన కీచుమనే ఆ ఫ్యానూ మీరూ ఒకటే. కాకపోతే ఫ్యాను స్విచ్చి ఆపితే ఆగుతుంది.'" చదువుతుంటే అతని పెదవుల మీదికి నవ్వులాంటిది రాబోయి ఆగిపోయింది.

"నీకంటే బాగా రాసిందిరా పిల్లి."

చిట్టి మెల్లగా నోరు తెరిచింది. "బాబాయీ, మీ ఆఫీసులో ఫ్యాన్లు తీసేసి ఏసీలు పెట్టారుగా? ఎప్పుడో?"

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "ఇది... నేనే రాశాను. కానీ పంపలేదు, ఒట్టు! ఎప్పటిదో ఇది."

ఈ మాటకి అమ్మ గదిలోంచి వచ్చింది. "రాసి ఏ బటన్ నొక్కావు?"

"అందరం నొక్కేదే వదినా. 'తర్వాత పంపు'."

ఆఫీసు పాత సర్వరులో ఆ బటన్ ఏనాడో చెడిపోయింది. నొక్కితే మెయిల్ ఎక్కడికీ పోదు, అందులోనే పడుంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఎవరికి కోపమొచ్చినా నోటికొచ్చినట్టు రాసి, ఆ బటన్ నొక్కి, వెళ్లి టీ తాగేవారు. పంపిన తృప్తి దక్కేది, పరువు పోయేది కాదు.

"పొద్దున పాత సర్వరులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చాను," అంది అమ్మ. "కొత్తదాంట్లో ఆ బటన్ పనిచేస్తుంది."

"అంటే అందరివీ..."

"పోయుంటాయి."

"ముందు చూసుకోవద్దా వదినా!"

"నేను సామాన్లు మోసేదాన్నయ్యా. ఒక్కొక్కరి మూట విప్పి చూస్తానా? పాతవి తీసెయ్యండి బాబూ అని ఎన్ని మెయిళ్లు పెట్టాను? ఒక్కరైనా తెరిచారా?"

బాబాయి నేల చూపులు చూశాడు. వదిన పేరుతో వచ్చే మెయిళ్లన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా అతను ఎప్పుడో ఏర్పాటు చేసుకున్నాడు.

అంతలో అతని ఫోను మోగింది. సింహం.

"ఎత్తరా. ఎత్తకపోతే గర్జించకుండా ఉంటుందా?" అంది నానమ్మ.

బాబాయి స్పీకరు నొక్కాడు. లోపల్నుంచి మేకపిల్ల గొంతు వినిపించింది. "ఏమయ్యా, మీ వదినగారున్నారా? ఆవిడ ఫోను పొద్దుట్నుంచీ ఆపేసుంది."

"సార్, నా రాజీనామా..."

"నీది సరేలేవయ్యా! నాది పోయింది! ఓనరుగారికి! ఆయన్ని గాడిదన్నాను. రెండు చోట్ల!"

అమ్మ ఫోను అందుకుంది. "ఆయన ఇంకా తెరవకపోతే వెనక్కి లాగెయ్యొచ్చు సార్. మీదీ, మా మరిదిదీ, అందరివీ. కాకపోతే ఒక్కదాన్నే కదా, ఆలస్యమవుతుంది."

"రేపే మీకు మనిషినిస్తాను తల్లీ! ఎప్పట్నుంచో అడుగుతున్నారుగా, ఇద్దర్నిస్తాను! ముందు నాది లాగండి!"

"మరి మా మరిది రాజీనామా?"

"ఏ రాజీనామా? నేనేం చూడలేదు. ఆ పెద్ద సీటు అతనిదే. నాది లాగండమ్మా!"

బాబాయి ప్రాణం కుదుటపడింది. పిల్లిని ఒళ్లోకి తీసుకుని దాని తల నిమిరాడు. అది అతని చెయ్యి గీరి దిగిపోయింది.

అమ్మ గదిలోకి నడిచింది. చిట్టి వెనకాలే గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మా, నీకు ఆఫీసులో ఎప్పుడూ కోపం రాదా?"

"ఎందుకు రాదే? వారానికొకటి రాసేదాన్ని."

"రాసి 'తర్వాత పంపు' నొక్కావా?"

"అందరిలాగే."

"మరి నీవి పోలేదేం?"

అమ్మ నవ్వి చిట్టి బుగ్గ గిల్లింది.

"నావన్నీ నిన్ననే తుడిచేసుకున్నానే పిచ్చిదానా," అని ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.