కుడివైపు గిడ్డంగి

సముద్రంలోంచి చూస్తే దీపస్తంభానికి కుడివైపున్న ఇల్లు చరిత్రగారిది. ఎడమవైపుది ఆయన బావమరిదిది. రేవుకు కొత్త రోడ్డు రాబోతోంది కాబట్టి రెంటిలో ఒకటి పోక తప్పదు. ఏ ఇంటి స్థలానికి చరిత్ర ఉందో దాన్ని ఉంచి, రెండోది పడగొడతామని రేవు కమిటీ తేల్చింది.

చరిత్రగారి అసలు పేరు ఊరు ఎప్పుడో మరిచిపోయింది. ఇంట్లో పాలు విరిగినా మూడు తరాల వెనక్కి వెళ్లి కారణం చెప్పే మనిషి.

“బావా, రోడ్డు కాస్త సన్నం చెయ్యమని ఇద్దరం కలిసి అడుగుదాం. రెండిళ్లూ నిలుస్తాయి,” అన్నాడు బావమరిది.

“అడుక్కోవడం దేనికి? మాకు చరిత్ర ఉంది,” అన్నాడాయన.

ఆర్నెల్లు పాతసామాను కొట్లన్నీ జల్లెడ పట్టి, రెండొందల ఏళ్లనాటి అచ్చుబొమ్మ ఒకటి సంపాదించాడు. ఎవరో ఓడమీద కూర్చుని ఊరిని గీసుకుని, దాన్ని రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. నడుమ దీపస్తంభం. కుడివైపు మూడంతస్తుల గిడ్డంగి, బేళ్లు, పీపాలు, తక్కెడలు. ఎడమవైపు సరుకు దొంగల్ని వేసే బందీఖానా, దాని ముందు కొరడా దెబ్బలు తింటున్న ఇద్దరు.

ఇక చరిత్రగారిని పట్టేవాళ్లు లేరు. కమిటీ ముందు బొమ్మ పరిచి, భూతద్దం పెట్టి మరీ చూపించాడు.

“గిడ్డంగి గుమ్మంలో కూర్చుని రాస్తున్నది మా ముత్తాతగారి ముత్తాతగారు. ఎడమచేత్తో రాస్తున్నారు, చూశారా? మాది ఎడమచేతి వాటం వంశం.”

కమిటీ గుమాస్తా వంగి చూశాడు. “తూకం వేసేవాడిదీ ఎడమచెయ్యేనండీ. కొరడా పట్టినవాడూ...”

“ఆ రోజుల్లో రేవంతా మా చుట్టాలేనయ్యా.”

దెబ్బలు తింటున్నవాళ్లలో ఒకడి ముక్కు అచ్చం తన బావమరిది ముక్కేనని కూడా సెలవిచ్చాడు. కమిటీ సభ్యులు నవ్వు ఆపుకోలేకపోయారు. బావమరిది తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. “నేను పుట్టిన ఇల్లది. మా అమ్మ కన్నుమూసిందీ అక్కడే. మీ చేత్తో కూలగొట్టిస్తారా?”

“నేనేం చెయ్యను? చరిత్ర అలా ఉంది.”

ఆవిడ అన్నం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఆయనకు మనసు చివుక్కుమంది. ‘చారిత్రక స్థలం’ అని తన ఇంటి గోడకు బిగించబోయే ఇత్తడి పలక గుర్తొచ్చి కాసేపటికి అదీ సర్దుకుంది.

మర్నాడు తీర్పు రాశారు. బావమరిది ఎక్కడ మెలిక పెడతాడోనని ప్రతి మాటా చరిత్రగారే దగ్గరుండి రాయించాడు. ‘బొమ్మలోని గిడ్డంగి స్థలంలో ఉన్న ఇల్లు ఉంటుంది. బందీఖానా స్థలంలో ఉన్న ఇల్లు పోతుంది. బొమ్మే చివరి సాక్ష్యం. తీర్పు మార్చమని ఇద్దరిలో ఎవరూ అడగరాదు.’ ముందు సంతకం ఆయనే పెట్టాడు. బావమరిది కళ్లు తుడుచుకుని పెట్టాడు. అధ్యక్షురాలు ముద్ర వేసింది.

బొమ్మను కమిటీ హాల్లోనే తగిలించాలని, పాత అచ్చుబొమ్మలు బాగుచేసే ఆవిడను పిలిపించారు. ఆవిడ బొమ్మను బల్లమీద పెట్టి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చాలాసేపు చూసింది.

“మీ ఇల్లు ఎటువైపండీ?” అనడిగింది.

“కుడివైపు. సరిగ్గా ఆ గిడ్డంగి ఉన్నచోటే,” అన్నాడు చరిత్రగారు, బావమరిదికి కూడా వినబడేలా.

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“రాగిరేకు మీద బొమ్మను తిరగేసి చెక్కితేనే అచ్చులో సరిగ్గా పడుతుందండీ, ఈ చెక్కినాయన ఆ సంగతి మరిచి ఉన్నదున్నట్టు చెక్కేశాడు కనక, ఇందులో కుడివైపు కనబడేదంతా మీ ఊళ్లో ఎడమవైపుది.”