చప్పట్లు కొట్టిందెవరు?

"అందరూ ఒప్పుకున్నారు పిల్లా! మా బ్యాండు మళ్ళీ వాయిస్తోంది!" నైట్ డ్యూటీ నుంచి క్రెయిగ్ ఫోన్లో అరిచాడు.

మా పెళ్ళై నెల కూడా కాలేదు. ఆనందం పట్టలేక వంటింట్లో మేజోళ్ళతోనే గంతులేశాను.

"నీ కుర్రతనపు పాట ఒక్కటైనా వినిపించావా నాకు?" అని దెప్పాను.

"మెట్ల కింద క్యాసెట్టుంది. తొంభై అయిదులో మా బ్యాండు డారెన్ వాళ్ళ గ్యారేజీలో రికార్డు చేశాం. విని నవ్వావంటే ఊరుకోను!"

అప్పటికి నేనింకా బడికి కూడా వెళ్ళడం లేదు.

ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఈ ఇంగ్లండు ఊరు విగన్ వాన చప్పుడొక్కటే మిగిలింది. టీ కలుపుకుని క్యాసెట్టు పెట్టాను. గిటార్లు గలగలమన్నాయి. ఆ లేత గొంతు నా క్రెయిగ్‌దే. ఆ రోజుల్లో నేనూ అక్కడ ఉండి ఉంటే ఎంత బాగుండేది! పాట అయిపోగానే ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

టేపులో కుర్రాళ్ళ నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"ఎవర్రా చప్పట్లు కొట్టింది?"

"ఇక్కడ మనమే కదరా డారెన్," అంది క్రెయిగ్ గొంతు.

నా చేతులు ఒళ్ళో దాచుకున్నాను. టేపు తిరుగుతూనే ఉంది. వాన కూడా వినిపించడం లేదు.

"పాపం, ఒంటరిగా ఉన్నట్టుంది," అన్నాడు క్రెయిగ్ మెల్లగా. "రేపు ఇక్కడ ఆమెకో కుర్చీ వేద్దాం."