దొర ప్రార్థన, ఓనరు తెలుగు

ఇరాక్ యుద్ధం గెలిచామని అమెరికా చెప్పుకున్న ఏడాది, పలాస బాప్టిస్టు చర్చిలో అమెరికా జీడిపప్పు వ్యాపారి ప్రసంగించాడు. ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పింది ఊళ్ళోని జీడిపప్పు ఫ్యాక్టరీ ఓనరు, అంతవరకూ చర్చి గుమ్మం తొక్కని పెద్దమనిషి.

“యుద్ధం గెలిచి, వ్యాపారులకు పన్నులు తగ్గించిన దొరగారి ప్రెసిడెంటు కోసం కళ్ళు మూసుకుని చేతులెత్తండి!” అన్నాడు ఓనరు.

అతని ఫ్యాక్టరీలో పప్పు వలిచే ఆడవాళ్ళందరూ ఎత్తారు, ఒక్క దోర్కాస్ తప్ప.

“సెయ్యి దించీ వదినా. ఆ ప్రెసిడెంటు మనకేటవుతాడు, మేనమావా?” అంది పక్కనున్న సలోమితో.

“నోర్ముయ్యే. పార్దన్లో మాటలేటి?” అంది సలోమి.

“దొర యూనియన్ అని రెండుసార్లన్నాడు. ఓనరు తెలుగులో ఆ మాట ఒక్కసారీ రాలేదేటి?”

సలోమి కళ్ళు తెరిచేసరికి కెమెరా మెరిసింది.

మర్నాడు ఫ్యాక్టరీ గేటుకు ఫొటో వేలాడింది. ‘యూనియన్ వద్దని చేతులెత్తిన మా కార్మికులు’ అని కింద రాశారు. అందరికంటే ఎత్తుగా లేచిన చెయ్యి, యూనియన్ పెడదామని ఇల్లిల్లూ తిరిగిన సలోమిది.