మూడు పడిందండీ

“మూడు పడిందండీ,” అన్నాడు కళ్ళజోళ్ళాయన, ఫోను ముక్కుకి ఆనించుకుని.

“మళ్ళీనా!” హెడ్ క్లర్కు నెత్తి కొట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హెడ్ క్లర్కు ఇంట్లో భోజనాల బల్ల తుడవగానే దాని మీద అడవి మొలుస్తుంది. కోటలూ, గుహలూ, రాక్షసులూ దిగుతారు. పాచికలేసి మాటలతో ఆడే కథల ఆట అది. కథ నడిపేది ఆయన భార్య. మామూలు రోజుల్లో కూడా ఆ ఇంట్లో ఏం జరగాలో చెప్పేది ఆవిడే కనక ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

నిజం పాచికలు రెండుసార్లు సోఫా కిందకి దొర్లాయి. వాటికోసం వంగి హెడ్ క్లర్కు నడుము పట్టేసింది. అప్పట్నించీ ఆయన ఫోనులో పాచికల యాప్.

పేరు నొక్కి ఫోను ఊపితే తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఊపినవాళ్ళే అంకె చూసి చెప్పాలి. పక్కవాళ్ళు తొంగిచూడటం మర్యాద కాదు.

పది, ఆ పైన పడితే కత్తి పనిచేసినట్టు. తగ్గితే పక్క కుర్చీవాళ్ళు మాటలతో గట్టెక్కించాలి. మధ్యలో ఎవరూ మాట అందించకూడదు.

కళ్ళజోళ్ళాయన పక్క కుర్చీ హెడ్ క్లర్కు చెల్లెలిది.

అదీ హెడ్ క్లర్కు బాధ. చెల్లెలికి మాట తడబడుతుంది. ఆమె వాక్యం మొదలుపెడితే ఈయన పూర్తిచేస్తాడు. బస్సులో, బజార్లో, ఫోనులో, ఇరవై రెండేళ్ళుగా ప్రేమతో చేస్తున్న పని. మూడు నెలల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. లోపలికి అన్నని కూడా రానిస్తారా అని స్కూలుకి ఉత్తరం రాశాడు. వాళ్ళు జవాబివ్వలేదు.

కళ్ళజోళ్ళాయన కింది వాటాలోకి కొత్తగా అద్దెకొచ్చాడు. వీధి చివర షాపు. వచ్చినవాళ్ళందరికీ చూపు సరిచేసే మనిషి, తన జోడు మాత్రం నుదుటి మీదకి నెట్టుకుని చూస్తాడు. ఆటకి నాలుగో మనిషి కావాలని పిలిస్తే, “ఇక్కడ వెలుతురు బాగుందండీ” అని ఆ కుర్చీలో కూర్చున్నాడు.

“చెప్పమ్మా,” అంది వదిన. “గుహ కాపలావాడు నిన్నే చూస్తున్నాడు.”

“త... త...”

“తలుపు తియ్యమంటోంది,” అన్నాడు హెడ్ క్లర్కు.

“మీరు ఆటలో ఇందాకే చచ్చిపోయారు. మాట్లాడకూడదు,” అంది వదిన.

కళ్ళజోళ్ళాయన టీలో ముంచిన బిస్కెట్టు మర్చిపోయాడు. అది మునిగిపోయింది.

“తలుపు తియ్యి,” అంది చెల్లెలు, చివరికి.

తలుపు తెరుచుకుంది.

మరుసటి ఆదివారం రెండు పడింది. ఆపై వారం ఆరు. మళ్ళీ మూడు.

“చేతులు కడుక్కుని రండి,” అన్నాడు హెడ్ క్లర్కు. కడుక్కొచ్చాడు. నాలుగు.

“మీరు ఊపట్లేదు, వణికిస్తున్నారు,” అన్నాడు పై అంతస్తు పళ్ళ డాక్టరు. ఆయన సైన్సు చదివిన మనిషి. తన వంతు వస్తే మాత్రం ఫోను మీద ఉఫ్ అని మూడుసార్లు ఊదుతాడు.

ఎడంచేత్తో ఊపించారు. నిలబెట్టి ఊపించారు. ఏం చేసినా ఆయన చేతిలో పాచికకి పదంటే పడదు. ప్రతి ఆదివారం చెల్లెలు మాట్లాడాల్సొచ్చింది. మంత్రగత్తెతో, దొంగలతో, ఒకసారి చెవిటి ముసలమ్మతో.

తొమ్మిదో ఆదివారం వంతెన దగ్గర భూతం అడ్డుపడింది.

“ఒకటండీ,” అన్నాడు కళ్ళజోళ్ళాయన సిగ్గుపడుతూ. “క్షమించండి.”

హెడ్ క్లర్కు పళ్ళు నూరాడు. పళ్ళ డాక్టరు వద్దని సైగచేశాడు.

చెల్లెలు లేచి నిలబడింది.

“నువ్వు వం... వంతెన కాస్తున్నావు కదా.” ఆగింది. ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలెట్టింది. “ఎవరూ దా... దాటని వంతెన అది వంతెనేనా? మేం దాటకపోతే, నువ్వు కా... కాస్తున్నది దేన్ని?”

అలా పది నిమిషాలు. పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు, లోపల పుచ్చుపన్ను కనిపించింది.

భూతం తరఫున రెండు పేజీలు రాసుకున్న వదిన నోట్‌బుక్ మూసేసింది.

“వెళ్ళండమ్మా,” అంది.

ఆ సాయంత్రం హెడ్ క్లర్కు మెట్ల దగ్గర కళ్ళజోళ్ళాయన్ని ఆపాడు.

“మీ చెయ్యి మాకు అచ్చిరావట్లేదండీ. పాపం ప్రతిసారీ మా చెల్లి మీద పడుతోంది. ఇకనుంచి... ఏమనుకోకండి.”

“అయ్యో, అనుకోడానికేముందండీ.” ఆయన రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. “అమ్మాయి ఇంటర్వ్యూ ఎలా చేసిందో చెప్తారా?”

“ఆఁ, చెప్తాంలెండి.”

చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. ఆమెచేత అద్దం ముందు పేపరు చదివించింది తనే కనక ఆ ఘనత హెడ్ క్లర్కు తనే పుచ్చుకున్నాడు. స్వీట్లు పంచుతూ కింది వాటాకీ వెళ్ళాడు. తాళం వేసుంది.

“నిన్ననే ఖాళీచేశారు,” అన్నాడు వాచ్‌మన్. “ఎక్కడికో చెప్పలేదండీ.”

వారం తర్వాత ఫోను నిండిపోయింది. ఏదైనా తీసేయమంది. పాచికల యాప్ తెరిస్తే, పాత అంకెలన్నీ తీసేయనా అని అడిగింది.

చదవకుండా కాగితం పారేయడం హెడ్ క్లర్కు సర్వీసులో లేదు. తేదీలు, పేర్లు, అంకెలు వరసగా ఉన్నాయి. కళ్ళజోళ్ళాయన పేరు మీద వేలు పెట్టి కిందకి జరిపాడు.

పద్నాలుగు. పదిహేడు. ఆరు. పంతొమ్మిది. చేతులు కడుక్కొచ్చిన రోజు పదహారు.

ఆయన మళ్ళీ పైనుంచి చదివాడు.

“ఏ... ఏ...” అంది చెల్లెలు గుమ్మంలోంచి.

మొదటిసారిగా ఆయన ఆ వాక్యం పూర్తిచేయలేదు. ఆగాడు.

“ఏమైంది అన్నయ్యా?”

ఫోను ఆమె చేతికిచ్చాడు. వంతెన రోజున, ‘ఒకటండీ, క్షమించండి’ అని ఆయన తలదించుకున్న చోట, ఇరవై ఉంది.