ముందద్దం మీద మంచు

"ఇంకా ఎంతసేపండీ తుడస్తారు? ఏడున్నరకి గేటు మూసేస్తారంట!" వాకిట్లోంచి అరిచింది మంగళ.

కారు ముందద్దం మీద మంచు పాల మీద మీగడ మాదిరి పట్టుకోనుంది. రంగనాథం పాత బనీనుతో ఈ మూల నించి ఆ మూలకి తుడుచుకుంటా పోతా ఉండాడు. ఆ మూలకి చేరేసరికి ఈ మూల మళ్లీ తెల్లబడతా ఉంది.

వెనక సీట్లో కూతురు అర్చిత బ్యాంకు పరీక్షకి ఆఖరుసారి పుస్తకం తిరగేస్తా ఉంది. సెంటరు మూలకుళంలో. వాళ్లుండే ఇందిరా నగర్ నించి పదిహేను నిమిషాలు. పోయిన తూరి రెండు నిమిషాలు లేటయ్యి, గేటు బయటినించే దండం పెట్టి వచ్చేసింది. ఈ తూరి తప్పితే మళ్లీ ఏడాదికే.

"నాయనా, వైపర్ ఎయ్యి."

"రబ్బరు అరిగిపోతాది పాప్పా."

బండి కొని మూడేళ్లయినా సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తియ్యని మనిషి. వైపర్లు వానకి మాత్రమే. అదీ గట్టి వానకి.

"పోనీ ఏసీ ఎయ్యి."

"మార్గళి నెల్లో, ఈ ధనుర్మాసం చలికి, ఎవుడన్నా ఏసీ ఏస్తాడా? పెట్రోలు ఏమన్నా కొళాయిలో వస్తా ఉందా?"

"అయితే నేను ఆటోలో పోతా."

"ఇంట్లో కారు పెట్టుకోని ఆటోలో పోతే ఈది ఏమనుకుంటాది?"

ఈది అప్పటికే అనుకుంటా ఉంది. ఒకదాని తర్వాత ఒకటి కిటికీలు తెరుచుకున్నాయి.

మేడమీద కాపురముండే కృష్ణస్వామి దిగొచ్చాడు. ఇరవై రెండు డిగ్రీల చలికి మంకీ క్యాప్, మఫ్లరు, సాక్సు.

"బట్టతో పోదయ్యా. గీకాల. కెనడాలో నా తోడల్లుడు ఏటీఎం కార్డుతో గీకతాడు."

"అక్కడిది గడ్డకట్టిన మంచు కదా సార్?"

"మంచు మంచే కదయ్యా."

ఏటీఎం కార్డు గీకితే పాడయిపోతాదని రంగనాథం ఆధార్ కార్డు తీశాడు. అయిదు నిమిషాలు గీకాడు. అద్దం మీద తడి గీతలు పడినాయి గానీ మంచు మాత్రం పక్కకి జరిగి నిలబడింది.

"తమ్ముడూ, బండి ఇప్పుడే తీస్తావా?" వెనక నించి ఎదురింటి మరగతం గొంతు.

"యాడ తీసేది అక్కా!" తిరిగి చూడకుండానే విసుక్కున్నాడు రంగనాథం. "అద్దం తేటగా అయ్యేదాకా అంగుళం కూడా కదల్చను."

"సరే సరే, నిదానంగా కానీ."

కృష్ణస్వామి ఫోన్లో ఒక వీడియో పెట్టి మొహం మీదికి పట్టాడు. ఎవరో తెల్లాయన సగం ఉర్లగడ్డతో, అదే బంగాళాదుంపతో, కారద్దం రుద్దతా ఉన్నాడు.

"మంగళా, ఒక ఉర్లగడ్డ తే!"

"మధ్యాన్నం కూరకి ఉండేది రెండే!"

"దాంట్లో సగం చాలు!"

మంగళ కత్తితో సహా వచ్చింది. ఉర్లగడ్డని కోసింది. కోసిన తీరు చూసి కృష్ణస్వామి రెండడుగులు వెనక్కి జరిగాడు. రంగనాథం రుద్దాడు. అంతకుముందు అద్దంలోంచి స్టీరింగన్నా మసగ్గా కనపడేది. ఇప్పుడు గంజి పెట్టిన పంచె మాదిరి అయిపోయింది.

"ఏంది సార్ ఇది?"

కృష్ణస్వామి వీడియో మళ్లీ చూశాడు. "ఆయన ముందురోజే రుద్దినాడంటయ్యా."

ఏడయింది. మంగళ గడియారాన్ని ఇంట్లోంచి తెచ్చి కారు బానెట్టు మీదే పెట్టేసింది. చూసుకోమని.

రంగనాథం లోపలికి దూరి అద్దం అవతల పక్క కూడా తుడవటం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే ఆవిరి పట్టేస్తా ఉంది. కారణం కోసం వెతికి, వెనక్కి తిరిగి కూతుర్ని పట్టుకున్నాడు.

"పాప్పా, నువ్వు ఊపిరి ఇడస్తా ఉండావు."

"అవును నాయనా. పుట్టినప్పటి నించీ."

"కొంచేపు ఆపు."

"పరీక్ష అయ్యేదాకా ఆపేదా? నువ్వు దీన్ని తుడిచేలోపల నా వయసు దాటిపోతాది! బ్యాంకోళ్లే రిటైరయిపోతారు!"

"చదివే పిల్లకి కోపం ఉండకూడదమ్మా," అన్నాడు కృష్ణస్వామి, కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి.

"మీరు ఊపిరి లోపలికి ఇడవకండి సార్!" అరిచాడు రంగనాథం.

అంతే. అర్చిత పుస్తకం విసిరి పారేసింది. రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి, నాయన చేతుల కింద నించి తాళం తిప్పింది. నీళ్లు చిమ్మే మీట లాగింది. వైపర్ ఏసింది. ఏసీ రెండు మీద పెట్టింది.

"పాప్పా! రబ్బరు!"

రబ్బరు కుయ్యిమంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. మంచు పోయింది, ఉర్లగడ్డ గంజి పోయింది. ఆవిరి కూడా మెల్లగా కిందికి జారుకుంది. ఒక్క నిమిషంలో అద్దం ఉందా లేదా అన్నట్టు తేటపడింది.

ఏడూ అయిదు. ఇంకా టైం ఉండాది. మంగళ రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టి, గడియారం తీసుకోని పక్కకి జరిగింది.

"చూసినావా, నేను తుడిచి పెట్టినందుకే అంత సులువుగా పోయింది," అన్నాడు రంగనాథం, సీటు బెల్టు పెట్టుకుంటా. వాళ్ల సందుకి వెనక గోడ. బయటికి పోవాలంటే ముందుకే పోవాల. గేరు ఏసి, తేటగా మెరస్తా ఉన్న అద్దంలోంచి దర్జాగా ముందుకి చూశాడు.

చూసి, బ్రేకు మీద నించి కాలు తియ్యలేదు.

అందరి కళ్లూ అద్దం మీదే ఉండగా, బంపరు కాడ నించి సందు మొదలు దాకా, ఈ గోడ నించి ఆ గోడకి, చుక్క తప్పకుండా మార్గళి ముగ్గు. నడిమధ్యలో తామరపువ్వు. పువ్వులో మూరెడేసి అక్షరాల్తో: 'అర్చితకి జయం కలగాల.'

ముగ్గు మధ్యలో కూచోనున్న మరగతం తలెత్తింది.

"అయ్యో, అప్పుడే అయిపోయిందా తమ్ముడూ? నువ్వింకా వెనకద్దం కూడా తుడస్తావు కదా అని పాప్పా పేరుకి రంగులు కలపతా ఉండాను."