బొచ్చు కింద

"పన్నెండింటికి ఇంజెక్షన్. ఇప్పుడు పదీ నలభై," అన్నాడు కుక్కల ఇన్‌స్పెక్టర్, గొలుసును బల్ల కొక్కేనికి తగిలిస్తూ. "ఈలోపు ఏం చేసుకుంటారో చేసుకోండి."

బల్ల మీద బొంత వణుకుతోంది. ఏ జాతో చెప్పలేని కుక్క. మూడు నాలుగు జాతుల రక్తం కలిసి ఒళ్లంతా ఉంగరాల బొచ్చుగా పెరిగింది. అందుకే ఆ పేరు. మూతికి తోలు కట్టు బిగించి ఉంది. పొద్దున కుక్కల వ్యాన్ వెళ్లేసరికే ఇంటివాళ్లు బిగించి ఉంచారు.

నిన్న సాయంత్రం అది యజమాని బొటనవేలు కొరికేసిందని కేసు. పై కణుపు దాకా పోయింది. చేతికి ఇంత లావు కట్టుతో ఆయన కూడా కుక్కలకు క్షవరం చేసే ఈ షాపులోనే కూర్చున్నాడు, దాని చావు కళ్లారా చూసి పోదామని.

"చచ్చేదానికి క్షవరం ఎందుకంట?" అన్నాడు.

క్షవరం చేయించాలన్నది ఆయన భార్య. గోడకు ఆనుకుని నిలబడింది. కింది పెదవి చిట్లింది. దవడ నల్లగా కమిలింది. నీకేమైందని ఇన్‌స్పెక్టర్ ఇంతకుముందే అడిగితే, "అడ్డం వెళ్లాను సార్," అని ఊరుకుంది.

"దాని ఒంటి మీద దెబ్బలున్నాయి సార్," అందిప్పుడు. "బొచ్చు తీస్తే కనబడతాయి. హింస పడలేక కరిచిన కుక్కని చంపరంట కదా?"

"రుజువుంటే చంపం. వేరే ఇంటికి ఇచ్చేస్తాం."

షాపు నడిపే ఆవిడను వీధంతా కత్తెరక్క అంటారు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. దువ్వెన తీసి కుక్క వీపులో గుచ్చింది. అరంగుళం కూడా దిగలేదు. పైన ఉంగరాలు, కింద అట్ట.

"దువ్వట్లేదా అమ్మాయ్ దీన్ని?"

"రోజూ దువ్వుతానక్కా. స్నానం కూడా చేయిస్తా."

"పైపైన దువ్వి నీళ్లు పోస్తే చిక్కు పోదు, ఇంకా బిగుసుకుంటుంది. ఈ బొచ్చుని పాయలు విడదీసి, చర్మం కనబడేదాకా దువ్వాలి. ఇప్పుడిక దువ్వేదేముంది, గొరగడమే."

ఆవిడ చెయ్యి మూతి కట్టు వైపు పోయింది.

"అది మాత్రం తీయకక్కా," అంది భార్య గబుక్కున.

"తీశావో, నా గతే నీకూ," అన్నాడు భర్త.

"హమ్మయ్య, మొగుడూ పెళ్లాలు ఒక్క మాట మీదకి వచ్చారు," అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

కత్తెరక్క పట్టుబట్టలేదు. మామూలుగా మూతీ చెవులే మొదట చూస్తుంది. కరిచే కుక్కైతే మాత్రం తోక నుంచి మొదలుపెట్టి, మూతిని చివరికి ఉంచుతుంది.

మిషన్ గుర్రుమంది. బొంత ఒక్కసారిగా ఎగిరింది. గోళ్లు కత్తెరక్క మోచేతిని చీరాయి. రక్తం తుడుచుకుని, మెడ కింద చెయ్యి వేసి అదిమి పట్టింది.

"చూశారా దాని పొగరు?" అన్నాడు భర్త. "నిన్నా ఇంతే. ఒకటే అరుపు. నోర్ముయ్యమంటే వినదు. కింద పడేసి, గుండెల మీద మోకాలేసి, నోరు నొక్కా. లటుక్కున పట్టేసింది. తల నేలకేసి కొట్టినా వదల్లేదు సార్. వేలు తెగేదాకా వదల్లేదు. నా తిండి తింటూ, నా చెయ్యే కొరుకుద్దా?"

భార్య కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

బొచ్చు దుప్పటి ఊడినట్టు ఒకే అట్టగా ఊడి వచ్చింది. కత్తెరక్క మిషన్ ఆపేసింది.

పక్కటెముకల మీద చతురస్రం ముద్రలు. తెల్లబడిన పాతవి, వాటి మీద ఎర్రగా కొత్తవి. చంకలో గుండ్రంగా కాలిన మచ్చలు ఏడు. వెనక కాలు ఒకప్పుడు విరిగి, వంకరగా అతుక్కుంది.

ఇన్‌స్పెక్టర్ నవ్వు మాయమైంది. ఫోటోలు తీశాడు. తర్వాత భర్త నడుము వైపు చూశాడు.

"ఆ బెల్టు ఒకసారి విప్పండి."

"ఎందుకు విప్పాలి?"

"బకిల్ కొలవాలి."

అతను లేచాడు. లేస్తూనే భార్య జుట్టు పట్టుకుని ఆమె నుదురు అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలింది. "చాడీలు చెప్తావే? నా మీదే చెప్తావే?" రెండోసారి కొట్టబోతుంటే ఇన్‌స్పెక్టర్ నడుం పట్టి లాగాడు. అతను మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే ఇన్‌స్పెక్టర్ సీసాల మీద పడ్డాడు.

కత్తెరక్క ఇనప దువ్వెన ఎత్తి, బలం కొద్దీ అతని చేతి కట్టు మీదే వేసింది.

అతను అరిచిన అరుపుకి వీధిలో వాళ్లు గుమిగూడారు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. తెల్లటి కట్టు చూస్తుండగానే ఎర్రబడింది. ఇన్‌స్పెక్టర్ అతని బెల్టే లాగి, దాంతోనే చేతులు వెనక్కి కట్టేశాడు. పోలీసులొచ్చి ఈడ్చుకుపోయారు.

పదకొండూ యాభైకి ఇన్‌స్పెక్టర్ ఇంజెక్షన్ కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు. "తప్పు కుక్కది కాదు. ఇక దీన్ని ఎవరికిమ్మంటారు?"

"నాకే ఇవ్వండి సార్." నుదుటి మీద గుడ్డ అదిమి పట్టుకునే చెప్పింది ఆమె. "మా పెద్దక్క దగ్గరికి పోతున్నా. ఇంక ఆ గడప తొక్కను."

ఆయన సంతకం చేసి వెళ్లిపోయాడు. బొంత ఆమె ఒళ్లో తల పెట్టింది. ఆమె అప్పుడు ఏడ్చింది, బోరున.

"తల దగ్గర కూడా కానిచ్చేస్తా, ఉండు," అంది కత్తెరక్క.

"వద్దక్కా. ఇలాగే పోతాం."

"సగం గొరిగిన కుక్కని నా షాపు నుంచి ఎప్పుడూ పంపలేదమ్మా. కరిస్తే కరవనీ, నాకు కాట్లు కొత్తా?"

ఆమె అడ్డొచ్చేలోపే కత్తెరక్క తోలు కట్టు విప్పి, గడ్డం పట్టుకుని పెదవి పైకెత్తింది.

చిగుళ్లు ఏళ్ల కిందటే పూడుకుపోయిన ఆ నోట్లో ఒక్క పన్నూ లేదు.