లావీన్ల విందు

భోజనాల బల్ల దగ్గర కొత్త ముఖం కనిపించగానే రోలాంద్ లేచి వెళ్లింది.

డెబ్బై దాటిన మనిషి. ఎడమ చేయి లేదు. ఆ వైపు కోటు చేతిని మడిచి పిన్ను పెట్టుకున్నాడు. బఠాణీ సూపు ముందు పెట్టుకుని, చర్చి ఆవరణలో పరుగులు తీస్తున్న పిల్లల్ని చూస్తున్నాడు.

"పెద్దాయనా, మీరు ఎవరి తాలూకు?"

సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఏ ఊళ్లోనైనా కొత్తవాళ్లని మొదట అడిగేది అదే.

"నువ్వు ఓనేజిమ్ పెద్దమ్మాయివి కదూ?"

"అవును. నాన్న పోయి చాలా రోజులైంది. మీరూ లావీన్లేనా?"

"రివార్‌ని తల్లీ."

రోలాంద్ ముఖం మారింది.

ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, తాతముత్తాతల పేర్లు కూడగట్టి, లావీన్ చుట్టాలందర్నీ పిలిచి ఆమె ఈ విందు పెట్టింది. పూర్వీకులంతా 'రివార్ ఉరఫ్ లావీన్'లే. ఎప్పుడో ఒక సిపాయికి తోటివాళ్లు పెట్టిన 'లావీన్' అనే మారుపేరు అలా ఇంటిపేరుకి అతుక్కుపోయింది. తర్వాత కొందరు రివార్లన్నారు, కొందరు లావీన్లన్నారు.

కానీ నాన్న పెళ్లినాటికి రివార్. రోలాంద్‌కి ఊహ తెలిసేసరికి లావీన్. ఎందుకో అమ్మ ఎన్నడూ చెప్పలేదు. రివార్లతో ఏదో తగువు పడి ఉంటాడనుకుంది రోలాంద్.

"ఇది లావీన్ల విందండీ. రివార్లతో మా నాన్న ఏనాడో తెంచుకున్నారు."

"అలాగని చెప్పాడా?"

"చెప్పాలా? పేరే వదిలేసుకున్నారుగా."

పక్కనే ఉన్న తమ్ముడు గాస్పార్ నవ్వాడు. "మన సూపు వాసన నది అవతలకి కూడా కొట్టినట్టుందక్కా."

ముసలాయనా నవ్వాడు. "బాగుంది సూపు. ఈ పిల్లలంతా ఓనేజిమ్ మనవలేనా?"

"అందరూ."

"చాలా సంతోషం తల్లీ."

టోపీ పెట్టుకుని రేవు వైపు నడిచాడు. సూపు సగం అలాగే ఉంది.

కాసేపటికి చర్చిలోంచి అమ్మ ఎలోదీ వచ్చింది. గాస్పార్ నవ్వుతూనే చెప్పాడు, ఒంటిచేతి రివార్ ఒకాయన వచ్చి వెళ్లాడని.

ఎలోదీ కుర్చీ పట్టుకుంది. "లేనిది ఎడమ చెయ్యేనా?"

"అవును."

"భోంచేశారా?"

గాస్పార్ సగం మిగిలిన సూపు గిన్నె వైపు చూశాడు.

అమ్మ ముఖం చూసి రోలాంద్ రేవుకి పరుగెత్తింది. లాంచీ అప్పటికే నది మధ్యలో ఉంది. కమ్మీ దగ్గర నిలబడి ఆయన ఊరివైపే చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఊపింది. ఆయన టోపీ తీసి ఊపాడు.

ఎలోదీ ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడింది.

"ఎవరమ్మా ఆయన?"

"నీకు పెదనాన్న. ఆయనా మీ నాన్నా అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు, ఓనేజిమ్ రివార్ అని. బయటపడితే ఇద్దర్నీ జైల్లో వేస్తారని మీ నాన్న నాతో ఒట్టు వేయించుకున్నారు."

"ఏం బయటపడితే?"

ఎలోదీ లాంచీ మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు కడుపులో ఉండగా మీ నాన్నకి యుద్ధానికి పిలుపొస్తే, పిలిచే వయసు దాటిపోయిన ఆయన 'ఓనేజిమ్ రివార్‌ని నేనే' అని వెళ్లారు, చెయ్యి పోగొట్టుకుని ఆయన తిరిగొచ్చిన రోజున మీ నాన్న, ఆ పేరు ఇక అన్నయ్య ఒక్కడిదే అని, మనల్ని లావీన్లని చేశారు."